మంచులో మోకరిల్లిన మనిషి

శ్యామ్ సుందర్‌కి ఏలూరు పవర్‌పేటలో ఫోటోఫ్రేముల షాపుంది. పని నేర్పింది కోదండరామయ్యగారు. పద్నాలుగేళ్లు ఆయన దగ్గర చేసినవాడు, పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయిన నెలలోనే బయటికొచ్చి అదే వీధిలో సొంత షాపు పెట్టుకున్నాడు. పాత షాపు ఏడాది తిరక్కుండా మూతపడింది. పెద్దాయన్ని కూతురు గాయత్రి తాడేపల్లిగూడెం తీసుకుపోయింది. శ్యామ్ సుందర్ మళ్లీ ఆయన మొహం చూడలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత, భీమడోలు నుంచి రత్నమాణిక్యంగారని రిటైరైన డ్రాయింగ్ టీచరు ఒక జపాను బొమ్మ తెచ్చారు. కొల్లేటి పక్షుల్ని చూడ్డానికొచ్చిన జపాను ఆవిడ ఇచ్చిందట. చెక్కమీద చెక్కి, రంగులద్ది, పల్చటి కాగితంమీద అచ్చేసిన బొమ్మ. కురుస్తున్న మంచులో, సమాధి ముందు మోకరిల్లిన మనిషి.

“ఎవరండీ ఇతను?”

“ప్రభువు పోయాక కొలువువాళ్లంతా వేరేచోట చేరిపోయారటండీ. ఇతనొక్కడే ఆ సమాధి ఊడుస్తూ బతుకంతా అక్కడే ఉండిపోయాడట. వెనకాల గమ్ము రాయకూడదండోయ్. ఇలాంటివి కోదండరామయ్యగారు బాగా కట్టేవారు. ఎలా ఉన్నారాయన?”

శ్యామ్ సుందర్ టేపు తీసి బొమ్మ కొలతలు తీసుకున్నాడు.

ఆదివారం బొమ్మని రెండు అట్టల మధ్య పెట్టుకుని తాడేపల్లిగూడెం రైలెక్కాడు. గాయత్రి తలుపు తీసింది. “నాన్నగారికి మనుషులు గుర్తుండట్లేదు” అని మాత్రం చెప్పింది.

కోదండరామయ్యగారు బొమ్మని చాలాసేపు చూశారు. “మొత్తం అంటించకండి. పై అంచున రెండుచోట్ల మైదా జిగురు చాలు. వానలకి కాగితం సాగుద్ది, దానికి చోటుండాలి.”

ఒకప్పుడు ఒరేయ్ అని పిలిచిన నోరు అది.

“పని తెలిసినట్టే ఉన్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?”

“ఏలూరు కోదండరామయ్యగారి దగ్గరండీ.”

“ఇంకా ఆయన దగ్గరే చేస్తున్నారా?”

గుమ్మంలో గాయత్రి నిలబడి ఉంది.

“అవునండీ” అన్నాడు శ్యామ్ సుందర్.

“మంచిది. వదలకండి.”

బొమ్మని ఆయన చెప్పినట్టే కట్టి రత్నమాణిక్యంగారికి ఇచ్చాడు. ఆ తర్వాత మూడు ఆదివారాలు గూడెం వెళ్లాడు. ఈసారి అడిగితే నిజం చెప్పెయ్యాలనుకున్నాడు. పెద్దాయన ఏ ఊరని అడిగారు, భోంచేశారా అని అడిగారు. ఆ ప్రశ్న మాత్రం మళ్లీ రాలేదు. మూడోసారి, అడక్కుండానే చెబుదామని కుర్చీ దగ్గరికి జరిగేసరికి ఆయనకి కునుకు పట్టేసింది.

“లేపనాండీ?” అంది గాయత్రి.

“వద్దమ్మా” అన్నాడు.