లోపలి గాలి

మా అక్కను వీధిలో అందరూ గాలక్క అంటారు. ఇళ్లకు గాలిపెట్టెలు బిగించడం ఆమె పని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. "అటక మూసెయ్యనా?" అని పొద్దుటినుంచి అడుగుతూనే ఉన్నాను. "కాయితం పెట్టి చూడందే కుదర్దు" అంటుంది. నేను ప్లాస్టర్ పనివాణ్ణి. కలిపిన ప్లాస్టర్ ఆవిడగారి కోసం గట్టిపడకుండా ఆగుతుందా?

ఈసారి ఇల్లు అక్కదే. పాత కొంప, ఎక్కడ చూసినా సందులే. మా మేనకోడలికి ఉబ్బసం. చలిగాలి, తేమ పడవు. అందుకే కిటికీల చుట్టూ చీమ దూరే సందు కూడా లేకుండా మూసి, అటక మీద పెట్టె పెట్టాం. అది ఇంట్లోని పాత గాలిని పెరట్లోకి తోసి, వీధివైపునుంచి కొత్త గాలిని తెస్తుంది. పోయే గాలి తన వేడిని వచ్చేదానికి ఇచ్చిపోతుంది, రెండూ కలవవు. ఇక ఆ పిల్ల ఊపిరంతా ఆ పెట్టె చేతిలోనే ఉంది.

పెరటికీ వీధికీ వెళ్లే గొట్టాలు తగిలించాల్సిన పెట్టె మూతులు రెండింటి మీద అక్క సుద్దతో 'లోపలి గాలి', 'బయటి గాలి' అని రాసింది. బావ అటకెక్కి గొట్టాలు తగిలించాడు. స్విచ్ వేస్తే పిల్ల గదిలోకి గాలి మెత్తగా వచ్చింది. పిల్ల కొత్త మంచం మీద పడి నిద్రపోయింది. బావ గ్యాస్ గీజర్ వేసుకుని, దుమ్ము వదిలించుకోవడానికి స్నానాలగదిలో దూరాడు.

అక్క పెరట్లోకి వెళ్లి గోడ కన్నం దగ్గర కాగితం పట్టింది. పాత గాలి బయటపడే కన్నమది, కాగితం ఎగరాలి. అది పోయి కన్నానికి అతుక్కుంది. ఆ పక్కనే గీజర్ పొగగొట్టం.

"ఒరేయ్! పిల్లని బయటికి తీస్కెళ్లరా! గీజర్ ఆపండీ!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. గదిలో ఏ వాసనా లేదు. గీజర్ వదిలే విషపు గాలికి వాసనుండదు, అదే నన్ను మరీ భయపెట్టింది. పిల్లను లేపితే లేవలేదు. భుజాన వేసుకుని వీధిలోకి పరిగెత్తాను. పెట్టె ఆపేసి అక్క వెనకే వచ్చింది.

"కళ్లు తెరువమ్మా, నా తల్లీ, ఒక్కసారి తెరువు." అక్క పిల్ల చెంపలు తడుతోంది.

పిల్ల దగ్గింది. నా భుజమంతా కక్కింది. "మామయ్యా, తలనొప్పి" అంది. అంత కమ్మని మాట నా జన్మలో వినలేదు.

ఆస్పత్రిలో డాక్టరు గండం గడిచిందన్నాక బావ నోరు విప్పాడు. "లోపలి గాలని నువ్వే కదా రాశావు! లోపలికొచ్చే గాలే కదా అని వీధి గొట్టం తగిలించా."

"లోపలున్న గాలండీ, మహానుభావా!"

తిడదామనుకున్నాను. ఎవర్ని తిట్టను? ఇద్దరిదీ తెలుగే.

మర్నాడు అక్క గొట్టాలు మార్చింది. రెండు కన్నాల దగ్గరా కాగితం పెట్టి చూసింది. సుద్ద తుడిచి, రంగుతో కొత్తగా రాసింది. "ఇక మూసెయ్‌రా" అంది.

అటక మూసే ప్లాస్టర్ పలక పట్టుకుని పైకెక్కాను. ఒక మూతి మీద 'పాప పీల్చేది', రెండోదాని మీద 'పాప వదిలేది' అని ఉంది. పలక పక్కన పెట్టేశాను.

"అక్కా," అన్నాను, "ఇంకొక్కసారి కాయితం పెట్టి చూడవే."