నూకాలు వెనక్కి తెచ్చిన మిషన్

2021లో నేను చోడవరంలో ఒక చిన్న వినికిడి క్లినిక్‌లో ఆడియాలజిస్టుని. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్ల మోత లోపలికి రాకుండా పరీక్ష గది తలుపుకి పాత పరుపు కొట్టించాను.

బుచ్చయ్యపేట వైపు పల్లె నుంచి నూకాలుని ఆమె తమ్ముడి భార్య తీసుకొచ్చింది. నూకాలుకి నలభై అయిదేళ్లుంటాయి.

"బుర్ర పంజెయ్యదు బాబూ. పిలిస్తే పలకదు. ఒకటడిగితే ఇంకోటి సెప్తాది. పింఛనీ కోసం పిచ్చి సర్టిఫికెట్టుకెళ్తే ముందు సెవులు సూపించమన్నారు."

నూకాలు మా పెదవుల వంకే చూస్తోంది.

ఆడియోమెట్రీ అంటే హెడ్‌ఫోన్లు పెట్టి శబ్దం కొంచెం కొంచెం పెంచుతాం, వినబడగానే బటన్ నొక్కాలి. శబ్దం దాదాపు చివరికొచ్చాక గాని ఆమె నొక్కలేదు. కానీ ఒక్కసారీ తప్పు నొక్కలేదు. నాలుగో తరగతి దాకా చదివిందట. ఎప్పట్నుంచి ఇలా ఉందని కాగితం మీద రాసి చూపించాను.

"పదేళ్లప్పుడు జరమొచ్చింది," అంది గట్టిగా. "తగ్గేక అందరూ నెమ్మదిగా మాటాడ్డం మొదలెట్టేరు."

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు.

చెవికి హియరింగ్ ఎయిడ్ మిషన్ పెట్టాను. తమ్ముడి భార్య గాజులు కదిలితే ఉలిక్కిపడి నవ్వింది. ఆ రోజు చాలా సంతోషంగా ఇంటికెళ్లాను.

మూడు నెలల తర్వాత ఒక్కతే బస్సెక్కి వచ్చి, మిషన్ నా టేబుల్ మీద పెట్టింది.

"పాడయిందా అమ్మా?"

"నేదు బాబూ. అంతా ఇనబడతంది. నా ఎనకాల ఏటంటారో అదీ ఇనబడతంది. నాతో మాత్రం ఎవులూ మాటాడరు."

కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను. మధ్యాహ్నమంతా ఆమే మాట్లాడింది. పాలు పొంగే చప్పుడు గురించి, తన గొంతు తనకే కొత్తగా ఉండడం గురించి. వెళ్లేటప్పుడు మిషన్ మళ్లీ పెట్టుకుంది, నేను బతిమాలితే.

ఆ ఆదివారం వాళ్లింటికెళ్లాను. ఆమెకు పిచ్చి లేదనీ, ఎదురుగా కూర్చుని మాట్లాడాలనీ తమ్ముడికి చెప్పాను. అతను తల దించుకున్నాడు.

"ఏటి మాటాడాల బాబూ? సిన్నప్పట్నుంచీ అలవాటు నేదు."

తర్వాత అక్కవైపు తిరిగాడు. "అప్పా, బువ్వ తిన్నావేటి?"

"తిన్నాన్రా," అంది నూకాలు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుండిపోయారు.

ఇప్పటికీ బ్యాటరీల కోసం వస్తుంది. తమ్ముడు రోజుకో మాట అడుగుతాడట. ఊళ్లోవాళ్లు ఇంకా అడగరు.

ఎంత వినబడుతుందో కొలవడం నేను చదువుకున్న పని. ఇప్పుడు మిషన్ పెట్టేముందు, తోడొచ్చినవాళ్లని ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాను: ఇంట్లో ఈ మనిషితో రోజూ ఎవరు మాట్లాడతారు? చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.