బావగారి టైంటేబులు

మా అక్కను ఏలూరులో ఒక కాలేజీ లెక్కల లెక్చరరుకు ఇచ్చారు. ఆయనంటే నాకు పెళ్ళినాటి నుంచీ పడదు. నేనంటే ఆయనకు అంతకన్నా పడదు. కొల్లేటి ఒడ్డున ఉన్న మా ఊరికి ఆ రోజుల్లో సరైన రోడ్డు లేదు. పెళ్ళివారి బళ్ళు బురదలో కూరుకుపోతే, బావగారు బండి దిగకుండానే, "ఇలాంటి ఊళ్ళో పిల్లనిచ్చేవాళ్ళుంటారు గాని, పుచ్చుకునేవాళ్ళుంటారటండీ?" అన్నారు. మా నాన్న నవ్వేసి, పంచె ఎగ్గట్టి తనే చక్రానికి భుజం పెట్టాడు. నాకు నవ్వు రాలేదు.

నేను బి.ఎ. ప్యాసైన ఏడు, మద్రాసులో ఒక కాలేజీ వాళ్ళు వ్యాపార నిర్వహణ అనే కొత్త చదువు పెట్టారని పేపర్లో చూశాను. ప్రవేశ పరీక్ష మార్చిలో. సీట్లు బహు కొద్ది. వ్యాపారం చదివి నేర్చుకునేదేమిటని మా ఊళ్ళో అందరూ ఆశ్చర్యపోయారు. మా నాన్న మాత్రం, వరిచేలు ఒక్క వరదకు పోతాయిగాని చదువు పోదని, సరేనన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "అల్లుడుగారు లెక్కల్లో దిట్ట. ఆయన దగ్గరుండి చదువుకో," అని నన్ను అక్టోబరులో ఏలూరు పంపాడు.

బావగారు కాలేజీకి ఉత్తరం రాసి ప్రాస్పెక్టసు తెప్పించారు. నాకు చూపించలేదు. అడిగితే, "నువ్వు చదివితే నీకేం అర్థమవుతుందోయ్? ఏం చదవాలో నేను చెబుతాగా," అన్నారు. మర్నాడు వీధిగది గోడకు పెద్ద కాగితం అంటించారు. మార్చి దాకా టైంటేబులు. మొదట ఆల్జీబ్రా, తరవాత ట్రిగొనామెట్రీ, సంక్రాంతి దాటాక కాలిక్యులస్. ఇంగ్లీషుకు అట్టడుగున చివరి రెండు వారాలు మిగిల్చారు.

"ఇంగ్లీషు కొంచెం ముందు మొదలుపెడితేనో బావగారూ?" అన్నాను.

"ఈ పరీక్షకు లెక్కలే ప్రాణం. నువ్వు నాకు చెప్పేవాడివయ్యావా?"

ఆ ఇంట్లో నా చదువు అలా మొదలైంది. పొద్దున్నే ఆయన నాలుగు లెక్కలిచ్చి కాలేజీకి వెళ్ళేవారు. సాయంత్రం వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, నా కాగితాలు తిరగేసేవారు. తప్పున్నచోట ఎర్రసిరాతో గీత గీసి ఊరుకోరు. ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి అక్కకు చూపించేవారు. "చూశావా మీవాడి తెలివి?" అనేవారు. అక్క స్టవ్ దగ్గరినుంచి తల ఎత్తేది కాదు. పేపరు వస్తే తన గదిలో పెట్టుకుని తలుపు గొళ్ళెం వేసేవారు. ఒకసారి నేను అడిగితే, "పేపరు నీకెందుకోయ్, ఎలక్షన్లో నిలబడుతున్నావా?" అన్నారు.

నేనూ మంచిగా ఉన్నానని చెప్పను. ఆయన మాట్లాడుతుంటే గోడవైపు చూసేవాణ్ణి. ఆయన కూర్చున్న పీట మీద కూర్చునేవాణ్ణి కాదు. భోజనాల దగ్గర మాటలుండేవి కావు. పప్పు కావాలన్నా అక్కనే అడగాలి, ఆయన చేతికందేలా ఉన్నా సరే. అక్క ఒక్కోరోజు నా విస్తట్లో మజ్జిగ పోస్తూ, "నా మొహం చూసి ఊరుకోరా," అని గొణిగేది. ఆమె మొహం చూసే మూడు నెలలు ఊరుకున్నాను.

జనవరి నెలాఖర్లో ఒక సాయంత్రం ఆయన దగ్గరికి ట్యూషనుకు ఇద్దరు విద్యార్థులు వచ్చారు. నాకిచ్చిన లెక్క తేలలేదు. బావగారు నా కాగితం వాళ్ళ ముందు పరిచి, "కొల్లేటి వాళ్ళకు వల వెయ్యడం వస్తుంది గాని లెక్క వెయ్యడం రాదయ్యా," అన్నారు. ఆ పిల్లలు నవ్వారు.

నేను లేచి గోడమీది టైంటేబులు పైనుంచి కిందికి చింపేశాను.

"మీ టైంటేబులు మీరే చదువుకోండి," అన్నాను.

ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. "వెళ్ళు. చెయ్యగలిగిందంతా చేశానని మీ నాన్నతో చెబుతాలే," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, ఏదో బరువు దిగినట్టుంది. అది నాకు అప్పుడు అర్థం కాలేదు. అక్క గుమ్మం దాకా వచ్చి నా చేతిసంచీలో పులిహోర పొట్లం పెట్టింది.

ఇంటికి వెళితే నాన్న మళ్ళీ నన్ను వెంటబెట్టుకుని ఏలూరు తీసుకొచ్చేస్తాడు. అందుకని తాడేపల్లిగూడెం రైలెక్కాను. అక్కడ మా మేనమామ రైసుమిల్లులో గుమాస్తా. మిల్లు వెనక రెండు గదుల ఇల్లు. పొద్దస్తమానం ఊక దుమ్ము. అత్తయ్యకు నా రాక ఇష్టం లేదు. ఆ మాట నాకు వినబడేలాగే గిన్నెలతో చెప్పేది. మామయ్య మాత్రం, "ఉండరా అబ్బాయ్. మిల్లు మోత భరించగలిగితే చాలు," అన్నాడు.

అదే ఊళ్ళో నాతో బి.ఎ. చదివిన స్నేహితుడొకడున్నాడు. వాడూ అదే పరీక్షకు కడుతున్నాడు. వాడి దగ్గర ప్రాస్పెక్టసు ఉంది. మొదటిసారి నా చేతికొచ్చింది. రెండుసార్లు చదివాను. లెక్కలంటే వడ్డీలు, శాతాలు, లాభనష్టాలు మాత్రమే. హైస్కూలు లెక్కలు. తక్కినదంతా ఇంగ్లీషు, దేశంలో జరుగుతున్న సంగతులు.

"కాలిక్యులస్ ఎక్కడుందిరా ఇందులో?" అన్నాను.

"కాలిక్యులసేవిట్రా? నీకెవరు చెప్పారు?" అని వాడు నవ్వాడు.

బావగారికి ప్రాస్పెక్టసు కూడా సరిగా చదవడం రాలేదనుకుని నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆ సంతోషంతోనే వాడితోపాటు దరఖాస్తు పంపి, కొత్తగా ప్రణాళిక వేసుకున్నాను. ఫిబ్రవరి మొత్తం ఇంగ్లీషు వ్యాసాలు, సంగ్రహాలు. మార్చిలో లెక్కలు. మిల్లు యజమాని చదివి పారేసిన పేపర్లు మామయ్య కట్టలుకట్టలుగా తెచ్చి పడేసేవాడు. ఊరి పక్కన యుద్ధకాలంలో విమానాలు దిగడానికి వేసిన సిమెంటు బాట ఒకటి ఖాళీగా పడి ఉండేది. తెల్లవారకముందే అక్కడికి పోయి, ఆ బాట మీద నడుస్తూ పేపర్లు గట్టిగా చదివేవాణ్ణి. మేకలు తప్ప వినేవాళ్ళు లేరు. అలసిపోయినప్పుడల్లా ట్యూషను పిల్లల నవ్వు గుర్తు తెచ్చుకునేవాణ్ణి. మళ్ళీ కాళ్ళు కదిలేవి.

మార్చిలో మద్రాసు వెళ్ళాను. పరీక్ష హాల్లో నా నంబరు వెతుక్కుని కూర్చుని తలెత్తితే, రెండు వరసల ముందు బావగారు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. ఆయన వెనక్కి తిరిగారు, నన్ను చూశారు, మళ్ళీ ముందుకు తిరిగారు.

పొద్దుటి పేపరు ఎలా రాశానో నాకు తెలియదు. మధ్యాహ్నం విరామంలో వరండాలో ఆయనకు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మీరిక్కడేవిటండీ?"

"ఏం, నాకు మాత్రం పైకి రావాలని ఉండదా? ఎన్నాళ్ళని సుద్దముక్క పట్టుకోమంటావ్?"

"మరి నాకు ప్రాస్పెక్టసు ఎందుకు చూపించలేదు?"

ఆయన తడుముకోలేదు. "సీట్లు కొద్దిగా ఉన్నాయోయ్. చూపిస్తే నువ్వూ సరిగ్గా చదివేవాడివి," అన్నారు, విద్యార్థికి లెక్క వివరించినట్టు. ఆ గొంతులో సిగ్గు లేదు.

నా చెయ్యి లేచింది. అప్పుడే గంట కొట్టారు. లోపలికి వెళ్ళి ఇంగ్లీషు వ్యాసం రాశాను. ఆ కోపంలో, అంతకుముందెన్నడూ రానంత సూటిగా మాటలు వచ్చాయి.

నాకు సీటు వచ్చింది. ఆయనకు రాలేదు.

నాన్న ఆనందానికి పట్టపగ్గాలు లేవు. బుట్ట నిండా కొరమీనులు పట్టించి, కొత్త పంచె కట్టి, నన్ను లాక్కుని ఏలూరు బయల్దేరాడు. నేను రానన్నా వినలేదు. బావగారి ముందు చేతులు జోడించి, "అంతా మీ చలవేనండీ అల్లుడుగారూ," అన్నాడు.

"నాదేవుందండీ మావయ్యగారూ! కూర్చోబెట్టి పునాది గట్టిగా వేశాను, అంతే," అన్నారు బావగారు నా కళ్ళలోకి చూస్తూ.

నోరు తెరవబోయాను. వంటింటి గుమ్మంలో అక్క తల అడ్డంగా ఊపింది. నీళ్ళ నెపంతో లోపలికి వెళ్ళాను.

"నీకు తెలుసా?"

"మద్రాసులో మీటింగని చెప్పి వెళ్ళారు. తిరిగొచ్చాక నీ పరీక్ష సంగతెత్తితే కంచం తోసేశారు. అప్పుడు తెలిసింది."

"నాన్నకి చెప్పేస్తాను."

"చెప్పి నువ్వు మద్రాసు పోతావు తమ్ముడూ. నేనిక్కడ ఉండాలి."

నేను చెప్పలేదు. మా నాన్న చనిపోయేవరకూ అల్లుడి పేరు చెప్పి ఊరందరిచేతా దణ్ణాలు పెట్టించాడు. ఆ తరవాత నేను ఏలూరు వెళితే బావగారు కాలేజీలో ఉండే వేళ చూసుకుని వెళ్ళి, ఆయన వచ్చేలోగా స్టేషనుకు చేరేవాణ్ణి. ఆయన నా చదువు కథ కాలేజీలో ఏటేటా కొత్త విద్యార్థులకు చెప్పేవారని తెలిసేది. మద్రాసు ప్రయాణం మాత్రం అందులో ఉండేది కాదట.

ఆయన పోయినప్పుడు వెళ్ళాను. ఏడుపు రాలేదు. ఆయన శిష్యుడొకాయన నా చేతులు పట్టుకుని, "మిమ్మల్ని చదివించింది మాస్టారేనటగదండీ," అన్నాడు.

"కాదండీ," అన్నాను.

పక్కనే కూర్చున్న అక్క విన్నది. ఈసారి తల ఊపలేదు.