కొరమీను తలకాయ, తర్కశాస్త్రం

నా చిన్నప్పుడు, బిట్రగుంట రైల్వే కాలనీలో, సాయంకాలమంటే నాకు మా తాతయ్యే. ఆయన విశ్రాంత తెలుగు పండితుడు. ఆదివారం ప్రార్థనా మందిరంలో వాక్యం చెప్పేదీ ఆయనే. దీపాలు పెట్టే వేళ వసారాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఒక పద్యమో, సువార్తలోని ఒక కథో చెప్పేవారు. ఆ గంట నా సొత్తని నమ్మి పెరిగాను.

పక్కింట్లోకి తర్కశాస్త్రం బోధించే లెక్చరరు అద్దెకు దిగడంతో నా సొత్తు పరాధీనమైంది. కాలేజీ నుండి రాగానే అతడు నేరుగా మా వసారాకు వచ్చేవాడు. దేవుడు లేడని అతని వాదం. తాతయ్య అతని ప్రతి సందేహాన్నీ పెండ్లివారికి ఎదురుకోలు పలికినంత ఆదరంతో అందుకునేవారు. నాకు చెప్పవలసిన కథలు అతనికి చెబుతుంటే తలుపు చాటున నా కడుపు మండిపోయేది. గుమ్మం ముందు అతని చెప్పులు కనబడితే చాలు, ఆకలి చచ్చేది.

ఒక ఆదివారం అతనిని భోజనానికి పిలిచారు. ముందునాడు వండి ఊరనిచ్చిన కొరమీను పులుసు. మా ఇంట తలకాయ ముక్క ఎప్పుడూ నాదే. ఆనాడు తాతయ్య దానిని స్వహస్తాలతో లెక్చరరు కంచంలో వడ్డించారు. నా కంచం తోసివేసి, వెలుపలి మెట్టుమీదికి వెళ్ళి కూర్చున్నాను.

లోపల వాదం మొదలైంది.

“అయ్యవారూ, మీ దేవుడు అందర్నీ సమానంగా ప్రేమిస్తాడంటారే, అదెట్ట కుదురుద్ది? ప్రేమంటేనే ఒకరిని ఎక్కువ చేసుకోవడం గదా!”

“అవును, ఆయన చెప్పేదే నిజం!” అని బయటినుండి అరిచాను. నా మనసులోని మాట పగవాని నోట వెలువడింది.

నవ్వులు వినిపించాయి. తాతయ్య సమాధానం ప్రారంభించారు. ఎన్నాళ్ళకో ఆ మనిషి చెవియొగ్గి వింటున్నాడని ఆయన గొంతులోని ఉత్సాహమే చెబుతోంది. అంతలో ఆగిపోయారు. ఎంగిలిచేత్తోనే కంచం పట్టుకొని వచ్చి నా పక్కన చతికిలబడ్డారు.

“అమ్మణ్ణీ, నువ్వు తినకపోతే నాకూ దిగదు.”

“ఆయనకే పెట్టుకో, పో!”

“రెండు తలకాయల చేపను యాడ తెచ్చేది నేను?”

లెక్చరరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కలిపిన అన్నం అతని వేళ్ళకు అంటుకొని ఎండిపోతోంది.

“ఇదేంది అయ్యవారూ, జవాబు సగంలో ఇడిచిపెట్టి వస్తిరి! పాప అలిగితే నేను పనికిరాకుండా పోయినానా? ఇది పక్షపాతం కాదా?”

“పక్షపాతమే నాయనా. రేపు నువ్వలుగు, వచ్చి నీ మెట్టుమీద కూర్చుంటా.”

అతడు లోపలికి వెళ్ళి కంచం తెచ్చుకొని నాకు రెండోవైపున కూర్చున్నాడు. అంతమాత్రాన బాప్తిస్మం తీసుకోలేదు. మరునాడు కొత్త సందేహంతో యథావిధిగా వచ్చాడు. నా అసూయా చల్లారలేదు. ఆ పూట తాతయ్య నాకు పెట్టే ముద్ద పెద్దదా, లెక్చరరు తినే ముద్ద పెద్దదా అని ఓరగా చూస్తూనే తిన్నాను.

ఇప్పుడు చదువుకున్న యువకులు మా ఇంటికి వచ్చి నా విశ్వాసాన్ని నిలదీస్తుంటారు. దీటైన సమాధానం చెప్పాలని, వారిని ఒప్పించాలని నాకూ ఉంటుంది. అయినా మాట మంచి పట్టుమీద ఉండగా ఇంట్లో ఎవరి ముఖమైనా చిన్నబోయినట్లు తోస్తే, వాక్యం సగంలో ఆపి లేచిపోతాను. వచ్చినవారు ఎదురుచూస్తారు. నేను తిరిగి వచ్చేసరికి, ఒక్కొక్కప్పుడు, వారి ప్రశ్న మారి ఉంటుంది: దేవుడి మాట వదిలి, లోపల ఎవరికేమైందని అడుగుతారు.