కుక్కరు రబ్బరు టోకెను

మా పక్కింటి బాబాయి మొన్న మంగళవారం మధ్యాహ్నం కుర్చీలో కూర్చునే కన్నుమూశారు. నాలుగింటికి భజన నుంచి తిరిగొచ్చిన పిన్ని గోడ మీంచి నన్ను పిలిచింది. "అమ్మాయ్, ఒకసారి ఇలగ రా. మీ బాబాయి పలకటం లేదు" అంది. ఏడవలేదు, అరవలేదు. దిద్దుతున్న పరీక్ష పేపర్లు అక్కడే పడేసి పరిగెత్తాను. బిలాస్‌పూర్‌లోని ఈ తోర్వా పేటలో మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ ఒక్కటే. గేటు చుట్టి వెళ్ళడానికి అర నిమిషం పడుతుంది.

దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఆ రోజు ఆయనకి రెండు గంటల మాత్ర ఇచ్చింది నేను. ఇదివరకు ఒకసారి ఇదే చేత్తో ఆ మాత్ర తప్పుగా ఇచ్చి ఆయన్ని ఆస్పత్రి పాలు చేసింది కూడా నేనే. అందుకే లోపలికి వెళ్ళగానే ఆయన మొహం కంటే ముందు కుర్చీ చేతి వైపు చూశాను. అక్కడ పాత ప్రెషర్ కుక్కరు రబ్బరు వేలాడుతూ ఉంది. అది చూశాకే నాకు ఊపిరి ఆడింది, ఆ తర్వాతే ఏడుపొచ్చింది. మనిషి పోతే కుక్కరు రబ్బరు చూసుకోవడమేమిటని మీరనుకుంటారు. చెప్తాను.

బాబాయి అన్నానే గాని మాకు చుట్టరికం లేదు. వాళ్ళ తాతలది శ్రీకాకుళం వైపు, మావాళ్ళది విజయనగరం వైపు. అందరూ రైలు పని కోసం బిలాస్‌పూర్ వచ్చి, ఇక్కడే క్వార్టర్లలో పిల్లల్ని కని పెంచినవాళ్ళు. మాలో వయసుని బట్టి వరస కుదిరిపోతుంది. ఆయన చిన్న చిన్న స్టేషన్లలో మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మాట తక్కువ మనిషి. మాట్లాడితే మాత్రం అందులో టైము తప్పనిసరిగా ఉండేది. మా ఇంటి గడియారం అయిదు నిమిషాలు ముందు నడుస్తుందని ఒకసారి కనిపెట్టారు, ఇక జన్మలో నన్ను మర్చిపోనివ్వలేదు. నేను ఎన్నింటికి వస్తానన్నా "మీ గడియారమా, మాదా?" అనేవారు.

రిటైరైన మూడో ఏడు ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. తర్వాత నడక చిన్నదైంది. గుమ్మం దగ్గరికి వచ్చి అడుగు పడక నిలబడిపోయేవారు. వెనక మేము కంగారు పడుతుంటే "సిగ్నల్ పడలేదు, ఆగండి" అని ఆయనే మాకు ధైర్యం చెప్పేవారు. పెద్ద డాక్టరు చూసి పార్కిన్సన్స్ అన్నారు. లెవోడోపా ఉన్న మాత్ర రాసి ఆరు, పది, రెండు, మళ్ళీ ఆరు అని వేళలు పెట్టారు. ఆ మాత్ర పడిన ముప్పావు గంటకి బాబాయి తన చొక్కా గుండీలు తనే పెట్టుకుని వీధి చివరి దాకా నడిచి వచ్చేవారు. వేళ తప్పితే కుర్చీలో కొయ్యలా ఉండిపోయేవారు. నీళ్ళ గ్లాసు కూడా ఇంకొకరు నోటికి అందించాలి. జీవితమంతా బళ్ళని పంపించిన మనిషికి అదెంత కష్టమో నాకు అప్పట్లో సరిగ్గా తెలియలేదు.

పప్పు ముద్ద లేకపోతే ఆయనకి భోజనం చేసినట్టుండేది కాదు. డాక్టరేమో మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకోమన్నారు. పప్పు, పాలు, గుడ్డు లాంటివి కొందరిలో ఈ మందుని అడ్డుకుంటాయట. పప్పు బాగా తిన్న రోజున మందు సరిగ్గా పట్టడం లేదని పిన్ని కూడా గమనించి చెప్పింది. బాబాయి బాగా ఆలోచించి, "అచ్ఛా, గూడ్సు బండి మెయిన్ లైన్లో నిలబడితే ఎక్స్‌ప్రెస్ ఎలగ పోతాది? గూడ్సుని రాత్రికి పంపించీ" అన్నారు. డాక్టరు కూడా సరేనన్నాక పప్పు రాత్రి భోజనానికి మారింది. పగలు చారుతో సరిపెట్టుకుంటూ, గూడ్సు ఎన్నింటికని పిన్నిని అడుగుతూ ఉండేవారు.

మంగళవారం, శనివారం పిన్ని రైల్వే కాలనీలో భజనకి వెళ్ళేది. ఆవిడకి ఉన్న సరదా అదొక్కటే. ఆ రెండు రోజులూ రెండు గంటల మాత్ర నా డ్యూటీ. స్కూలు ఒంటిగంటకి అయిపోతుంది కాబట్టి నాకు ఇబ్బంది లేదు. కానీ ఒక శనివారం మీటింగ్ పెట్టారు. నేను వచ్చేసరికి మూడున్నర. బాబాయి పొద్దున్న చదివిన పేపరు ఒళ్ళో పెట్టుకుని అలాగే బిగుసుకుపోయి ఉన్నారు. మాట కూడా గొంతులోంచి కష్టంగా వచ్చింది. "గంటన్నర లేటు. రెండు వేసీ అమ్మా, కవర్ చేసీద్దాం" అన్నారు.

వేరే ఇంట్లో పెరిగినదాన్నయితే ఆలోచించేదాన్నేమో. రైల్వే ఇంట్లో పుట్టినదాన్ని. లేటుగా బయల్దేరిన బండిని పరిగెత్తించి టైముకి చేర్చిన డ్రైవర్ల కథలు వింటూ అన్నం తిన్నదాన్ని. నాకు ఆయన మాట న్యాయంగానే తోచింది. లేటు చేసింది నేనే కదా, కవర్ చేయాల్సింది కూడా నేనే అనుకున్నాను. రెండు మాత్రలు ఇచ్చాను.

గంట తిరక్కుండానే ఆయన మెడ, భుజాలు వాటంతట అవే మెలికలు తిరగడం మొదలెట్టాయి. నా ముందు అలా అవుతున్నందుకు ఆయనకి సిగ్గేసింది. లోపలికి వెళ్ళిపోదామని చటుక్కున లేచారు. లేవగానే కళ్ళు తిరిగాయి. తలుపు అంచుకి నుదురు కొట్టుకుని పడిపోయారు. నాలుగు కుట్లు పడ్డాయి. ఆస్పత్రి వరండాలో పిన్ని నా పక్కనే కూర్చుంది గానీ నా వైపు చూడలేదు.

అక్కడి కుర్ర డాక్టరు నన్ను హిందీలో మెత్తగానే కడిగేశాడు. తప్పిన మాత్రని రెండింతలు వేసి పూడ్చకూడదన్నాడు. ఆలస్యమైతే ఏం చేయాలో ముందే అడిగి పెట్టుకోవాలి, తర్వాతి మాత్ర వేళ దగ్గర పడితే తప్పినదాన్ని వదిలేయాలి, మాత్ర వేసుకున్న మనిషి ఒక్కసారిగా లేవకూడదు అని వరసగా చెప్పాడు. పిన్ని భయంతో ఈ మందే వద్దు, ఇవాళ్టి నుంచి మాన్పించేస్తానంది. అతను అప్పుడే కొంచెం గొంతు పెంచాడు. ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదమనీ, ఒళ్ళంతా బిగిసి, జ్వరం తగిలి ప్రాణం మీదకి వస్తుందనీ, పెంచినా తగ్గించినా డాక్టరే చేయాలనీ చెప్పాడు. బాబాయి కట్టుతో పడుకునే అన్నీ విన్నారు. రూలు ఎవరు చెప్పినా ఆయన అలాగే వినేవారు.

ఆ తర్వాత నేను ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. పిన్ని భజన మానేసింది. మంగళవారాల్లో రెండింటికి గోడ అవతల మాత్రల డబ్బా మూత చప్పుడు వినిపించేది, నేను ఇవతల గిన్నెలు తోముతున్నట్టు నటించేదాన్ని. మూడో వారం బాబాయి తనే గోడ దాకా నడిచి వచ్చి నన్ను రమ్మన్నారు. వెళ్తే పాత కుక్కరు రబ్బరు చేతికిచ్చారు. ఇదేమిటో తెలుసా అని అడిగితే కుక్కరు రబ్బరన్నాను. "కాదు. టోకెను" అన్నారు.

రైలు మనుషులు కానివాళ్ళ కోసం చెప్తున్నాను. ఒకే లైను ఉన్నచోట రెండు బళ్ళు ఒకేసారి దాని మీదికి రాకూడదు. అందుకని స్టేషన్ మాస్టరు ఒక టోకెను ఇస్తాడు, గుండ్రటి బెత్తపు చట్రానికి కట్టి. వెళ్తున్న బండిలోంచి డ్రైవరు చెయ్యి చాపి దాన్ని మోచేతికి తగిలించుకుంటాడు. అది అవతలి స్టేషన్లో అప్పగించేదాకా ఇంకో టోకెను బయటికి రాదు, ఇంకో బండి కదలదు. ఆ బెత్తపు చట్రానికి కుక్కరు రబ్బరు బుల్లి చెల్లెలు.

మాత్రల డబ్బా పైన గోడకి మేకు కొట్టించి రబ్బరు అక్కడ తగిలించారు. మాత్ర ఇచ్చేవాళ్ళు దాన్ని కూడా తీసుకెళ్ళి ఆయన చేతికి తొడగాలి. మళ్ళీ వేళయ్యేదాకా అది ఆయన దగ్గరే, కుర్చీ చేతికి ఉంటుంది. వేళ కాగానే ఆయన స్వయంగా లేచి, లేచే ముందు కాసేపు కుర్చీ అంచున కూర్చుని, దాన్ని తెచ్చి మేకుకి పెడతారు. మేకు మీద రబ్బరు లేకపోతే ఎవరొచ్చినా, ఆయనే బతిమాలినా, మాత్ర ఇవ్వకూడదు. ఆలస్యమైతే ఏం చేయాలో డాక్టరు చేత కాగితం మీద రాయించి డబ్బా మూతకి అంటించారు.

పిన్నికి ఇదేమీ నచ్చలేదు. డబ్బా తన బీరువాలో పెట్టి తనే ఇస్తానంది. అప్పుడు బాబాయి అన్నమాట నేను మర్చిపోలేను. "తప్పు చేసినోళ్ళని డ్యూటీలోంచి తీసీడం తేలికే. రెండోసారి ఆ తప్పు జరగటానికి దారి లేకుండా చెయ్యాల. అదీ పని" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ రోజు అడిగింది నేను, ఇచ్చింది నువ్వు. మన మధ్య టోకెను లేదు, అంతే. మంగళవారం నీదే డ్యూటీ" అన్నారు. నేను వాళ్ళ వంటింటి గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాను. ఆయన గడియారం చూస్తూ కూర్చున్నారు.

పొద్దున్న పది గంటల మాత్ర పనమ్మాయిది. ఊరి అవతల తిఫ్రా నుంచి వచ్చే ఆ ఛత్తీస్‌గఢీ పిల్ల మా అందరికంటే ముందే రూలు పట్టేసింది. ఛల్లా ఏదీ, అంటే ఆ రింగేదీ అని బాబూజీనే గదమాయించేది. పిన్ని మళ్ళీ భజనకి వెళ్ళడం మొదలెట్టాక ఒక శనివారం అది తొందరగా అయిపోయి ఇంటికొచ్చింది. నేను అప్పటికే మాత్ర ఇచ్చి వెళ్ళిపోయాను, బాబాయి కునుకు తీస్తున్నారు. నేనింకా ఇవ్వలేదనుకుని పిన్ని డబ్బా మూత తీసి, ఖాళీ మేకు చూసి ఆగిపోయిందట. ఈ సంగతి తను నాతో చెప్పలేదు. సాయంత్రం గోడ మీంచి గిన్నెడు వంకాయ కూర అందించి, చాలా రోజుల తర్వాత నా కళ్ళలోకి చూసింది. బాబాయి చెప్తే తెలిసింది.

కిందటేడు ఒక మధ్యాహ్నం ఆయన నన్ను దగ్గరికి రమ్మని, గొంతు తగ్గించి అడిగారు. పెరట్లో జామచెట్టు కింద పచ్చజెండా పట్టుకుని ఎవరైనా నిలబడి ఉన్నారా అని. ఎవరూ లేరన్నాను. ఆయనకి కనిపిస్తున్నాడు, రెండు రోజుల నుంచి. పిన్నితో చెప్తే పిచ్చనుకుంటుందని దాచుకున్నారు. మందు వల్ల కూడా అలా కావచ్చు, డాక్టరుకి చెప్పాల్సిందేనన్నాను. జామచెట్టు వైపు ఇంకోసారి చూసి, "కనపడిన సిగ్నలు కనపడినట్టు చెప్పాల కదా" అని తనే ఒప్పుకున్నారు. డాక్టరు మోతాదు కొంచెం తగ్గించారు. జెండా మనిషి వెళ్ళిపోయాడు. కాస్త ఓదార్పుగా ఉండేవాడని తర్వాత ఒకసారి అన్నారు.

మొన్న మంగళవారం నేను వెళ్ళేసరికి రబ్బరు మేకు మీద ఉంది. మాత్ర, నీళ్ళు ఇచ్చాను. ఆయన మోచెయ్యి మడిచి చాపారు, డ్రైవర్లు చాపినట్టే. రబ్బరు తొడిగాను. టైమెంత అని అడిగితే రెండన్నాను. "మీ గడియారమా, మాదా?"

"మీదే బాబాయ్."

"అయితే రైట్ టైం" అన్నారు. అవే ఆఖరి మాటలు.

నాలుగింటికి పిన్ని పిలిచాక, డాక్టరు రాకముందు, నేను ఆ కుర్చీ పక్కన నిలబడి మళ్ళీ మళ్ళీ ఆ రబ్బరునే చూస్తున్నాను. పిన్ని నా మొహం చూసి అంతా పోల్చుకుంది. తన మనిషి పోయి ఘడియ కాలేదు, అయినా నా చెయ్యి పట్టుకుని కుర్చీ చేతి మీద పెట్టింది. "చూడు, రబ్బరు ఆయన కాడే ఉంది కదా. నువ్వు సరిగ్గానే ఇచ్చీసేవు" అంది. నిద్రలో గుండె ఆగిందని డాక్టరు తర్వాత చెప్పారు. నాకు పిన్ని చెప్పిందే చాలు. ఆ కుక్కరు రబ్బరు ఆయన తన కోసమే పెట్టుకున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నా కోసం కూడానని ఆ రోజు తెలిసింది.

కుర్చీని వరండాలోకి మార్చారు. దాని చేతికున్న రబ్బరుని ఎవరూ తియ్యలేదు. నిన్న సాయంత్రం పిన్ని దగ్గర కూర్చున్నాను. గడియారం ఆరు కొట్టింది. పిన్ని అలవాటుగా లేచి గ్లాసుతో నీళ్ళు ముంచి, డబ్బా దగ్గరికి వెళ్ళి, తలెత్తి మేకు వైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది. గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది.