మెహర్ ఆంటీ చదివిన రిపోర్టు

వాము నీళ్ళు మరిగే వాసన తగిలితే ఇప్పటికీ నాకు కళ్ళు వాటంతట అవే మూతలు పడతాయి. ఈ ఉదయం మా ఆవిడ స్టవ్ మీద గిన్నె పెట్టి, పోస్టులో వచ్చిన కవరొకటి నా ముందు పడేసి వెళ్ళింది. ఒక వయసు దాటినవాళ్ళకు ప్రభుత్వం ఇంటికే పంపే మలపరీక్ష కిట్టు అది. లోపల రెండు చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, ఒక ఫారం, పేరు రాసి అంటించడానికి రెండు చీటీలు. బయట మా పాయింట్ కుక్ పేటలో ఇళ్ళ కప్పుల మీద మంచు ఇంకా విడలేదు. ఆ మసక వెలుతురులో, ఆ వాసనలో, పాతికేళ్ళ వెనక్కి ఎప్పుడు జారిపోయానో నాకే తెలియదు. చీటీ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు కూలిపోతాయన్న వై టూ కే గొడవలో, రెండు సున్నాల పుణ్యమా అని మెల్‌బోర్న్ వచ్చినవాళ్ళలో నేనొకణ్ణి. బ్యాంకుల పాత ప్రోగ్రాముల్లో తేదీ మార్చి, ఏది కూలుతుందో, ఏది నిలుస్తుందో చూడటం మా పని. ఊరి శివారు వెర్రిబీలో వరంగల్ సుధాకర్‌తో కలిసి ఒక అద్దె ఇంట్లో ఉండేవాణ్ణి. పాయింట్ కుక్ అంటే అప్పట్లో గడ్డి, గాలి, దూరంగా సముద్రం, అంతే. ఆ ఏడాది నాలుగు నెలలుగా నాకు కడుపులో మెలిపెట్టే నొప్పి. నొప్పి సంగతి సుధాకర్‌కి తెలుసు. రక్తం పడుతున్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఇక్కడే స్థిరపడటానికి వీసా దరఖాస్తు పెట్టుకున్నాను, దానికి వైద్య పరీక్షలు ముందున్నాయి. ఆ మాట ఏ కాగితం మీదికైనా ఎక్కితే నా బతుకు బస్టాండే అనుకున్నాను. అందుకే ప్రతి ఉదయం కళ్ళు మూసుకుని ఫ్లష్ నొక్కేవాణ్ణి.

నా అవస్థ చూడలేక సుధాకరే నన్ను మెహర్ ఆంటీ దగ్గరికి తీసుకెళ్ళాడు. మెహరున్నీసా ఆవిడ అసలు పేరు. కడప మనిషి. భర్త పోయాక ఇక్కడే ప్రకృతి వైద్యం చదువుకుని, వెర్రిబీలోనే తన ఇంటి ముందుగదిలో రోగుల్ని చూసేది. అది ఆసుపత్రి గది అని చెబితే ఎవరూ నమ్మరు. తెల్లటి కర్టెన్ల వెనక నుంచి పల్చటి ఎండ, పెరట్లో నీలగిరి చెట్టు వాసన, దాని మీద మ్యాగ్‌పై పిట్టల గొంతు, లోపల వాము నీళ్ళ ఆవిరి. బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే ఉంచేది. ఆ చెయ్యి కింద నాకు నిద్ర పట్టేది. నిద్రలో నేను ఎక్కడున్నానో, ఏ దేశంలో ఉన్నానో గుర్తుండేది కాదు. అమ్మ మీద ఒట్టు, ఆ నాలుగు నెలల్లో నేను భయం లేకుండా పడుకున్నది ఆ బల్ల మీదే.

లేచాక మాత్రం ఆవిడ ప్రశ్నలకు చెమటలు పట్టేవి.

"పొద్దున్నే దొడ్డికి సాఫీగా అయితాందా నాయనా? ఏ రంగులో? గట్టిగానా, పల్చగానా?"

నేను నేల చూపులు చూస్తే నవ్వేది. "నోట్లోకి ఏం పోయిందో ఊరంతా చెప్తారు. పప్పు బాగుండాది, పులుసు బాగుండాది అని. బయటికి ఏమొచ్చిందో అడిగితే మాత్రం మూగోళ్ళయితారు. అదీ నువ్వు తిన్న అన్నమే కదా! ఏమిటికి సిగ్గు?"

వారం రోజుల పాటు తిన్నదీ, తాగిందీ, నిద్రపోయిందీ, కోపం వచ్చిందీ ఒక నోటు పుస్తకంలో రాసి తెమ్మంది. రాశాను. రక్తం గురించి తప్ప అన్నీ రాశాను. అది చదివి, మలపరీక్ష కిట్టు ఒకటి చేతిలో పెట్టింది. "ల్యాబుకు పంపిస్తాం. కడుపులో ఏది అరగతాందో, ఏది అరగలేదో, ఏ పురుగులుండాయో వాళ్ళు చూస్తారు. ఆ కాగితమే సర్వం అని నేను చెప్పను. సగం అది చెప్తాది, సగం నువ్వు చెప్పాల."

ఇంటికొచ్చి ఆ డబ్బా వంక చూస్తూ కూర్చున్నాను. నా పేరుతో ల్యాబు, నా పేరుతో కాగితం! అందులో రక్తం అని పడితే? ఆ కాగితం ఎటు తిరిగి వీసా ఆఫీసుకి చేరుతుందో ఎవరికి తెలుసు? అప్పుడు నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. ఆఫీసులో ఖాతాదారుల అసలు వివరాలు మా చేతికి ఇచ్చేవారు కాదు. ఉత్తుత్తి వివరాలు పెట్టి టెస్టింగ్ నడిపేవాళ్ళం. అదే పని ఇక్కడా చేశాను. సుధాకర్ ముందు డబ్బా పెట్టి, నా బదులు వాడిది ఇమ్మన్నాను. మొహమాటానికి నాకు మలబద్ధకమని అబద్ధం కూడా ఆడాను.

వాడు పడీ పడీ నవ్వాడు. "అరే, గిది గూడ అడుక్కుంటరార ఎవరన్న? తీస్కపో, నాదేం పోతది!"

మా ఫ్రిజ్‌లో పై అర నాది, కింది అర వాడిది. మాంసం ఉంటుందని కింది అర నేను తాకేవాణ్ణి కాదు. కొరియర్ వచ్చేదాకా ఆ డబ్బాని నా పెరుగు గిన్నె పక్కనే, నా శుద్ధ శాకాహారపు అరలో భద్రంగా దాచాను. అంత తెలివిగలవాణ్ణి నేను.

మూడు వారాల తర్వాత ఆంటీ పిలిచింది. ముక్కు మీదికి కళ్ళజోడు జార్చుకుని కాగితాలు తిప్పుతూ అడిగింది.

"ఏం నాయనా, నువ్వు మాంసం తింటావా?"

నాకు చర్రున మండింది. "ఛీ ఛీ, ఏం మాటండీ ఆంటీ! ఏడు తరాలుగా కోడిగుడ్డు కూడా మా ఇంటి గడప తొక్కలేదు."

"గుడ్డు గూడ తినవా?"

"వాసన కూడా పడదండీ!"

ఆవిడ కాగితం నా వైపు తిప్పింది. "మరి ఈడ అరగని మాంసం పోగులు ఉండాయని రాసినారే. అవి యాడి నుంచి వచ్చె?"

శనివారం పెరట్లో బార్బీ పొయ్యి పెట్టి సుధాకర్ కాల్చుకు తిన్న మేక ముక్కలు నా కళ్ళ ముందు కదిలాయి. ఆంటీ నన్ను చూసి, కాగితం చూసి, పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "వాని కడుపు బంగారం! కొంచెం నమిలి తినమని చెప్పు వానికి." ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

"మరి నీది యాడ నాయనా? ఏమిటికి దాస్తివి?"

ఆఫీసు పద్ధతి చెప్పబోయాను. "లెక్కలకయితే సరే. కడుపుకు ఎట్ల కుదురుతాది?" అంది మెల్లగా. అప్పుడు చెప్పాను. రక్తం అనే మాట నాలుగు నెలల్లో మొదటిసారి నా నోటి నుంచి బయటికొచ్చింది. వెంటే ఏడుపు కూడా వచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆవిడ ఆ రోజు నన్ను బల్ల మీద పడుకోమనలేదు. ఆకులూ వేర్లూ ఉండే సొరుగు మూసేసింది. "ఇది నా వాముకు లొంగేది కాదు. నేను చేయగూడని పని. రేప్పొద్దున డాక్టరు దగ్గరికి పోతాండాం."

"వీసా పోతుంది ఆంటీ..."

"వీసా ఇచ్చేది బతికుండేవాళ్ళకు నాయనా."

మర్నాడు తనే కారు నడిపింది. రోడ్డుకి అటూ ఇటూ మంచులో మునిగిన పొలాలు, ఆ మంచులో నిలబడి నిద్రపోతున్న గుర్రాలు. చాలాదూరం వెళ్ళాక, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పింది. "మా ఆయనకు ఈడ బట్టల అంగడి ఉండె. రెండేండ్లు రక్తం పడినా నాకు చెప్పలా. ఒకే కంచంలో తినేటోళ్ళం, నాకే చెప్పలా. సిగ్గంట. ఆయన పోయినాక నేను ఈ చదువు చదివింది దానికే. ఎవరన్నా నా ముందర సిగ్గుపడకుండా చెప్తారేమో అని." నేను కిటికీ అద్దం మీద ఆవిరి తుడుస్తూ ఉండిపోయాను.

డాక్టరు మళ్ళీ మలపరీక్ష రాశాడు. రెండు రోజుల తర్వాత డబ్బా ల్యాబులో ఇవ్వడానికి వెళ్తూ ఆంటీ ఇంటి దగ్గర ఆగితే, ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఈసారి ఎవరిది?"

"నాదే ఆంటీ."

పెద్దపేగులో ఒక కణితి దొరికింది. ఇంకా క్యాన్సర్‌గా మారలేదు, తీసేశారు. ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే, అని డాక్టరు మొదలుపెట్టి పూర్తి చేయలేదు. వీసా వాళ్ళకి ఉన్నదున్నట్టు రాసిచ్చాను. నాలుగు కాగితాలు ఎక్కువ అడిగారు, కొన్ని నెలలు ఆలస్యం చేశారు, ఇచ్చారు. నేను అంత భయపడ్డ రాక్షసుడు అంతే. కొత్త ఏడాది మొదటి ఉదయం లోకం ఎక్కడిదక్కడే ఉంది, మా ప్రోగ్రాములేవీ కూలలేదు. మిఠాయి పట్టుకుని వెళ్తే ఆంటీ వరండాలో ఎండలో కూర్చుని ఉంది. "కంప్యూటర్‌కు వెయ్యి పరీక్షలు చేస్తివి. నీకు ఒక్కటి చేయించుకునేకి ఎంత రచ్చ చేస్తివి!" అని నా చెవి మెలిపెట్టింది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ముందుగది ఇప్పుడు ఎవరిదో. సుధాకర్ ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా తన కడుపు బంగారమని గుర్తుచేస్తాడు. నేను బతికి ఉన్నాను. నాకు పెళ్ళయింది, కూతురు పుట్టింది, జుట్టు నెరిసింది. ఇవన్నీ ఆ ఒక్క కాగితాన్ని ఆవిడ సరిగ్గా చదవడం వల్ల వచ్చినవని నాకు తెలుసు.

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. గొట్టం మీద నా పేరున్న చీటీ అంటించి, కవర్లో పెట్టి, ఫ్రిజ్ పై అరలో పెరుగు పక్కన పెట్టాను. యూనివర్సిటీ నుంచి వచ్చిన మా అమ్మాయి ఫ్రిజ్ తలుపు తీసి కెవ్వుమంది.

"డాడ్! యక్! హూజ్ ఈజ్ దిస్?"

స్టవ్ దగ్గర ఇంకా వాము వాసన ఉంది. ఒక్క క్షణం నేను వెర్రిబీలో, ఆంటీ గుమ్మం ముందు, డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"నాదే ఆంటీ," అన్నాను.