గడ్డి దేశంలో నీళ్ల సీసా

సువర్ణరేఖ ఏటి నీళ్లు దోసిట్లో పట్టుకుని చెబుతున్నాను, ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. మా టాటానగర్‌లో భాలుబాసా టీ కొట్టు దగ్గర నన్ను ఎరిగినవాళ్లు ఈ ముక్క చదివి నవ్వుతారు. నవ్వనీండి.

మా అక్క మొగుడూ నేనూ కన్వేయర్ బెల్టులు అతుకుతాం. తెగిన బెల్టును వేడి పెట్టి జోడించే పని. ఇద్దరుంటే గానీ సాగదు. అలా ఒకసారి మా కాంట్రాక్టరు ఇద్దరినీ కజకిస్తాన్‌లో ఒక గనికి పంపాడు. బయల్దేరిన రోజు సిద్ధగోరాలో మా అక్క గుమ్మంలో నిలబడి రెండు పాస్‌పోర్టులూ నా చేతిలో పెట్టింది.

"ఒరే, రెండూ నీ కాడే ఉంచు. ఈయన పారీసుకుంటాడు. ఈయన్ని అక్కడ ఒగ్గీసి వచ్చీవనుకో, నా గుమ్మం తొక్కనివ్వను."

"బావేటి, చంటిపిల్లోడా?"

"చంటిపిల్లోడే నయం."

మా బావ చెప్పులు వేసుకుంటూ అన్నీ విన్నాడు. ఆయన విననట్టు వింటాడు.

పని అయిపోయాక విమానం ఎక్కే ఊరికి రైల్లో రెండు రోజుల దారి. మాకు ప్రయాణమంటే సిద్ధగోరా నుంచి సాక్చీకి ఆటో. వెనక నలుగురు, డ్రైవరుకు చెరో పక్కా ఒకరు, ఏ మోకాలు ఎవరిదో తేలేలోపు దిగిపోతాం. ఇక్కడేమో మనిషికో పరుపు, దుప్పటి, పెట్టె చివర ఎప్పుడూ మరిగే నీళ్ల బాయిలరు, దానికి కాపలాగా ఒక కండక్టరమ్మ. కిటికీలో పొద్దున్న గడ్డి. మధ్యాహ్నం గడ్డి. సాయంత్రం ఒక గుర్రం, మళ్లీ గడ్డి.

"ఒరే, రైలు నడుత్తందా, ఆ గడ్డినే తిప్పుతున్నారా?" అన్నాడు బావ.

"నడుత్తంది బావా. దేశం పెద్దది."

"పెద్దదైతే మాత్రం? ఒక్క సమోసావోడూ రాడేటి!"

మనవాళ్లకొక అలవాటుంది. రైలు ఆగితే చాలు, దాహం ఉన్నా లేకపోయినా సీసా పట్టుకుని దిగాలి. టాటానగర్‌లో ఎక్కి సొంతూరు చేరేలోపు ఒక్క స్టేషనులోనూ దిగనివాణ్ణి మగాడిగా లెక్కవెయ్యం. రైలు కూత వేస్తుంది, బద్ధకంగా కదులుతుంది. అప్పుడు నాలుగడుగులు పరుగెత్తి, కమ్మీ పట్టుకుని, పెళ్లాం తిడుతుండగా ఎక్కాలి.

రెండో రోజు పొద్దున్న ఏదో చిన్న స్టేషనులో కొళాయి కనిపించింది. బావ సీసా తీశాడు. కండక్టరమ్మ తన గడియారం మీద తట్టి రెండు వేళ్లు చూపించింది.

"రెండు నిమిషాలంటే మన లెక్కలో పది," అని దిగిపోయాడు.

ఆ రైలు కూత వెయ్యలేదు. సీసా నిండేసరికి కండక్టరమ్మ తలుపు మూసేసింది, ప్లాట్‌ఫారం వెనక్కి జారిపోతోంది. బావ పరుగెత్తాడు. మూసిన తలుపు పక్కన చెయ్యి గాలిలో తడుముకుని ఆగిపోయాడు. ఆయన ఫోను రైల్లో ఛార్జింగులో ఉంది. పాస్‌పోర్టు నా నడుం సంచిలో ఉంది.

నాకు సిద్ధగోరా గుమ్మం కళ్లకు కట్టింది. కండక్టరమ్మకు సైగలు చేశాను. అక్కను చూపడానికి నడుం మీద చేతులు పెట్టి కళ్లు ఉరిమాను. ఆవిడకు వెంటనే అర్థమైంది, వాళ్లింట్లోనూ ఎవరో ఉండుంటారు. వెనక స్టేషనుకు ఫోను చేసి, తర్వాతి స్టేషనులో నన్నూ సామానునూ దింపింది.

మధ్యాహ్నం దాటాక ఒక చిన్న బస్సు వచ్చింది. మొదట మూడు గొర్రెలు దిగాయి. తర్వాత ఒక ముసలమ్మ. ఆ తర్వాత చంకలో నిండు సీసాతో బావ. "గొర్రెలకి కూడా సీటు ఉందిరా, మన ఆటోయే నయం," అన్నాడు. సాయంత్రం రైలెక్కి, మర్నాడు విమానం అందుకున్నాం.

ఇంటికొచ్చి అక్కకు ఈ కథ ఇలాగే చెప్పాను. అక్క బావను వారం రోజులు తిట్టింది. బావ చారన్నం కలుపుకుంటూ నావైపు ఒకసారి చూశాడు, అంతే. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు కనక, ఒప్పుకుంటున్నాను. దిగింది నేను. రెండు నిమిషాలంటే పదన్నదీ నేనే. రెండు పాస్‌పోర్టులతో సహా ప్లాట్‌ఫారం మీద మిగిలిందీ నేనే. గొర్రెలు మాత్రం నిజం, ఒకటి నా ఒళ్లోనే కూర్చుంది.

మా ఊళ్లోనే ఉన్న సోనారికి కూడా ఒంటరిగా వెళ్లని బావ, తన పాస్‌పోర్టయినా చేతిలో లేనివాడు, నాలుగు సంచులు మోసుకుని పేరు చదవలేని ఊళ్లో దిగి కూర్చున్నాడు. నేను బస్సు దిగేసరికి రొట్టె పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. కండక్టరమ్మకు నా గురించి ఎలా చెప్పావని అడిగాను. వేళ్లు కలిపి, ఆగకుండా వాగే నోరులా ఆడించి చూపించాడు.

"రైలెందుకు ఒగ్గీసావు బావా? నేను ఎలాగో వచ్చీవోణ్ణి కదా."

రొట్టె విరిచి పెద్ద ముక్క నా చేతిలో పెట్టాడు.

"నిన్ను ఒగ్గీసి ఎల్తే మీ అక్క గుమ్మం తొక్కనిత్తాదేటి? తిను."